వాసవాంబ చేతి బోణీ

గుడియాత్తం బజారులో వాసవాంబ చేతి బోణీకి ఉన్న పేరు అంతా ఇంతా కాదు. పొద్దున ఆరింటికి అంగడి తీయగానే మొదటి సరుకు ఆమే తూచి ఇవ్వాలి. ఆ చెయ్యి పడితే ఆ రోజుకు తిరుగులేదని ఇంట్లోవాళ్ల నమ్మకం, కొనేవాళ్ల నమ్మకం. నలభై మూడేళ్లుగా పండగ లేదు, ఆదివారం లేదు. ఒక్క ఉదయమూ ఊరు దాటింది లేదు. పొగిడి కట్టేస్తే ఆ ముడి విప్పుకోవడం ఎంత కష్టమో పొగిడేవాళ్లకేం తెలుసు?

ఈ మధ్యనే కోడలు ఫోన్లో వాట్సాప్ పెట్టి ఇచ్చింది. నెల తిరక్కుండానే వేలూరు బడిలో కలిసి చదివినవాళ్లు ఆమెను వెతికి పట్టుకొని గ్రూపులో చేర్చారు. అప్పట్లో పక్కనే కూర్చునే చిత్ర వాయిస్ మెసేజ్ పంపింది. "ఏమే వాసవా, బతికే ఉండావా? పరీక్షకు పది దినాలుండంగా పెండ్లి చేసుకోని పోయినదానివి, మళ్లీ తలకాయే చూపించలేదే!"

గ్రూపులో అందరూ తామేం చేశారో చెప్పుకున్నారు. ఒకరు టీచరు, ఒకరు నర్సు, ఒకరు తాలూకా ఆఫీసులో ఉద్యోగం. వాసవాంబ తన వంతు వచ్చినప్పుడు, "నేను బోణీ చెయ్యకుంటే మా అంగడి నడవదు" అని కాస్త గర్వంగానే చెప్పుకుంది.

ఆదివారం తొమ్మిదింటికి వేలూరులో అందరూ కలుస్తున్నారు. ఆ మధ్యాహ్నం రైలుకే చిత్ర కోయంబత్తూరులో కూతురి దగ్గరికి పూర్తిగా వెళ్లిపోతోంది.

ఆ రోజు బోణీ కాగానే బస్సెక్కుదామని పట్టుచీర కట్టుకొని గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. వాన. ఏడు గంటలైనా కొనడానికి ఒక్క పురుగూ రాలేదు.

"ఈ ఒక్క దినం మీరే బోణీ చేయండి. నేను పోతా" అంది భర్తతో.

రాఘవన్ నవ్వాడు. మంచి మనిషి, అదే చిక్కు. "పోయిరా వాసవా, దానికేమి? కైరాశి, చేతి అదృష్టం అనేదంతా మా అమ్మ కట్టిన కతనే. కొత్తల్లో నువ్వు పరీక్ష రాయాల, వేలూరు పోతానని ఒకటే ఏడుపు. నీ చెయ్యి మంచిదంటే ఈడనే నిలిచిపోతావని చెప్పింది. నిలిచిపోయినావు కదా!"

ముద్దుగానే అన్నాడు. వాసవాంబకు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిన అత్తగారి మీద ఏమని విరుచుకుపడుతుంది? సంచీ పట్టుకొని మెట్లు దిగింది.

టీకొట్టు చిన్నస్వామి గొడుగేసుకొని చక్కెరకు వచ్చాడు.

"అయ్య ఇస్తారు, తీసుకోప్పా."

"వద్దమ్మా. మీరు పోయిరాండి, కాచుకోనుంటా. మీ చేత్తో ఇయ్యకుండా నేను పొయ్యి అంటించేది లేదు."

అంతా అబద్ధమప్పా అనే మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఈ నలభై మూడేళ్లలో తనకంటూ మిగిలేదేమిటి? సంచీ కిందపెట్టి, మెట్లెక్కి, చక్కెర తూచింది.

బోణీ అయింది. వాన కూడా తగ్గింది. బస్సు వెంట బస్సు వేలూరికి పోతూనే ఉంది. ఆమె లేవలేదు. అక్కడ వాళ్ల మొహాలు చూసి మళ్లీ ఆ బోణీ మాటే ఎలా చెప్పడం?

పదింటికి చిత్ర ఫోన్ చేసింది. "అందరమూ వచ్చేసినాము. యాడుండావే? ఎవరే నిన్ను పట్టుకోనుండేది?"

వాసవాంబ తలెత్తి చూసింది. రాఘవన్ ఆమె సంచీ భుజానికి తగిలించుకొని, ఆటోను పిలిచి, వాకిట్లో నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

"ఎవరూ లేరే" అంది. అది నిజం కావడంతో ఆమెకు ఏడుపు ఆగలేదు.