డిక్కీలో నాపరాళ్ళు

ఫిబ్రవరి, రెండో ఆదివారం, తాండూరు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, కారు అమ్మే పెద్దమనిషి, ధర్మకాంట దగ్గర చీటీలు రాసే అతను.

ఆ రోజు డైరీలో కలం ఎంత గట్టిగా నొక్కి రాశానో, అక్షరాలు వెనక పేజీలోకి దిగబడ్డాయి. ఇప్పుడు చదివినా ఆ కోపం తగ్గలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆఫీసు జీపులో డ్రైవరు పక్కన కూర్చుని తిరిగాను. రిటైరయ్యాక నాకు కావలసింది ఒక్కటే: ఆదివారం పొద్దున అనంతగిరి మలుపుల్లో నేనే నడుపుకోవడానికి ఒక తేలిక కారు. రెండు సీట్లు చాలు. బరువు తక్కువుంటేనే మలుపులో బండి చేతి మాట వింటుంది. ఏడు నెలలు ఒక్కో కారు బరువూ డైరీలో రాసుకుంటూ వెతికాను. షోరూముల వాళ్ళు నా మాట పూర్తి కాకముందే ఏడుగురు పట్టే బండ్లు చూపించేవారు. బావమరిదిదీ అదే పాట.

“గీ వయసుల రెండు సీట్ల కారేంది బావా? అందరం పట్టే బండి తీస్కో.”

అందరం అంటే ఆయన సంసారమని నాకు తెలుసు.

చివరికి తాండూరులో రాళ్ళ పాలిషింగ్ యూనిట్ నడిపే ఒకాయన దగ్గర దొరికింది. పాతదే. ఫైబర్ బాడీ, గుడ్డ టాపు. ముగ్గురం వెళ్ళాం.

వాళ్ళిద్దరినీ యూనిట్ దగ్గర ఉంచి, అమ్మే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కరణ్‌కోట రోడ్డు మీద నడిపి చూశాను. ప్రాణం ఉసూరుమంది. వెనక భాగం ఈడ్చుకుంటూ వస్తోంది. తిరిగి రాగానే నేను నోరు విప్పకముందే బావమరిది, ఇది వద్దులే, పెద్ద బండి చూద్దామన్నాడు. ఆ తొందర చూసి అనుమానమొచ్చింది. రాళ్ళ లారీలు తూచే ధర్మకాంట పక్కనే ఉంది. కారును దాని మీదికి ఎక్కించాను. పెట్రోలు బరువు తీసేసినా, ఆర్సీలో ఉన్నదానికంటే తొంభై కిలోలు ఎక్కువ! డిక్కీ తెరిచి చాప ఎత్తాను. గోనెసంచుల్లో చుట్టిన నాలుగు నాపరాళ్ళు.

“రాళ్ళకు పర్మిట్ ఉన్నదా పెద్దసార్?” అని చీటీలు రాసే అతను నవ్వాడు.

అమ్మే ఆయన బిత్తరపోయాడు. “మీరే పెట్టుమన్నరనుకున్న సాబ్. బండి రోడ్డు మీద కూసోవాలె, జర రాళ్ళు ఏయున్రి, సార్ చెప్పిండని మీ బామ్మర్ది నిన్న ఫోన్ జేసిండు.”

బావమరిది తల కూడా దించుకోలేదు. “గీ అల్కటి బండి నీకు నచ్చొద్దని, నీ పానం కోసమే చేసిన బావా.”

నా ప్రాణం మీద ప్రేమ ఉన్నవాడు నా పేరుతో అబద్ధమాడతాడా? ఆ మాటే అడిగాను, రోడ్డు మీద జనం ఆగి చూసేంత గట్టిగా. నీకు ముందే తెలుసా అని భార్యను అడిగాను.

“చెప్తె మీరు ఇంటరా?” అంది.

అది మరింత మండించింది. ఆ కోపంతో అలవాటు లేని బండి నడపకూడదనే ఇంగితం మాత్రం మిగిలింది. రాళ్ళు తీసేయమన్నాను, రేపు వస్తానన్నాను. రేపు పదకొండు గంటలకు చించోళి నుంచి ఇంకొకాయన చూడడానికి వస్తాడని, అప్పటిదాకా ఆగుతానని అమ్మే ఆయన చెప్పాడు. వికారాబాద్ బస్సులో ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే ఒక్కణ్ణే తాండూరు వెళ్ళి కారు తెచ్చుకున్నాను. అనంతగిరి ఘాటులో స్టీరింగ్ ఎటు తిప్పితే అటు, ఎంత తిప్పితే అంతే తిరిగింది. ఇంటికి పోకుండా బావమరిది ఇంటి ముందు ఆపి, ఆయన బయటికి వచ్చేదాకా హారన్ కొట్టాను.

“మంచిగున్నదా బావా?” అన్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు.

“మస్తుగున్నది,” అన్నాను, ఇంజిన్ ఆపకుండానే. చాయ్ తాగలేదు.