చదవకుండా చింపని కార్డు

మొన్న మా మనవరాలి బడివాళ్లు తెలుగు క్లాసు కోసం ఇంట్లో ఉన్న తెలుగు కాగితం ఏదైనా ఒకటి పంపమంటే ఇల్లంతా వెతికాను. కరెంటు బిల్లు మొదలు కిరాణా రసీదు దాకా అన్నీ ఇంగ్లీషులోనే దొరికాయి. తెలుగు టీచరుగా తల నెరిసినదాని ఇంట్లో ఇదీ సంగతి. నవ్వైనా రావాలి, ఏడుపైనా రావాలి. ఈమధ్య నాకు ఏదీ రావడం లేదు.

హైదరాబాదు పాతబస్తీ గౌలిపురలో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో చెప్పేదాన్ని. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ గడగడా మాట్లాడే పిల్లలు తెలుగు వాచకం తెరిస్తే చాలు ఆవులించేవారు. ఆ పాఠాలు ఎంత చప్పగా ఉండేవో మీకూ గుర్తుండే ఉంటుంది. అందుకే ఇంట్లో ఉన్న తెలుగు కాగితాలే తెమ్మన్నాను. బోనాల కరపత్రాలు వచ్చాయి, నాలుగు మూలలా పసుపు పూసిన పెళ్లికార్డులు వచ్చాయి, మిర్చీ బజ్జీలు కట్టిన పేపరు ముక్క కూడా నూనె మరకలతో వచ్చింది. ఏడో తరగతి పిల్ల ఒకతె మాత్రం వాళ్ల నాన్న దశదినకర్మ కార్డు తెచ్చింది.

పక్కపిల్లలు జరిగి కూర్చున్నారు. అలాంటి కార్డు చదవగానే చింపెయ్యాలి, ఇంట్లో ఉంచుకోకూడదు. మనందరి ఇళ్లలోనూ అదే పద్ధతి కదా. పంచగా మిగిలిన ఆ ఒక్కదాన్నీ పిల్ల తల్లి బియ్యం డబ్బాలో దాచిందట. అరిష్టమని అత్తింటివాళ్లు లొల్లి చేస్తుంటే, మాదన్నపేట మార్కెట్లో కూరగాయలమ్ముకునే ఆ మనిషి సాయంత్రం నా దగ్గరికి వచ్చింది.

"ఆయన గురించి ఏం రాసిన్రో నాకు తెల్వది. సదవకుండ ఎట్ల చింపుత టీచరమ్మా? మా బిడ్డ సదివేదాంక ఉండనియ్యిన్రి" అంది. నేను చదివి వినిపిస్తానంటే వద్దంది.

ఇక ఆ పిల్లకు అదే వాచకమైంది. ముందు తన పేరు పోల్చుకుంది, తర్వాత తల్లి పేరు. 'శోకతప్త' దగ్గర మాత్రం ఒత్తు కుదరక చాలా రోజులు ఆగిపోయేది. ఈలోగా, కార్డు ఇంకా ఇంట్లోనే ఉందని పెద్దనాన్న వాళ్ల గడప తొక్కడమే మానేశాడు.

చలికాలంలో ఒక ఆదివారం వాళ్లింటి అరుగు మీద కూర్చుని, నా ఎదురుగా పిల్ల ఆగకుండా చదివేసింది. తల్లి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది. భర్త పేరు వచ్చిన చోట మళ్లీ చదవమంది. అయిపోయాక "గంతేనా?" అని, కార్డును నాలుగు ముక్కలు చేసి గల్లీ చివర పారేసి వచ్చి, చేతులు కడుక్కుని టీ పెట్టింది. ఎవరమూ ఏడవలేదు.

ఇప్పుడు అలాంటి కార్డులు అచ్చువేసేవాళ్లే తగ్గిపోయారు. మొన్న ఎండాకాలంలో మావారు పోయినప్పుడు మా పిల్లలు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, ఫొటో జతచేసి, అందరితోపాటు నాకూ ఫోన్‌లో పంపారు. నేను చదువురానిదాన్ని కాదు. రోజూ తెరిచి చదువుతూనే ఉన్నాను. ఆయన పోయిన సంగతి మాత్రం నాకింకా తెలియడం లేదు.