మెమరీ పాఠం

మాకు కంప్యూటర్ సెక్యూరిటీ చెప్పిన మేడం స్టూడెంట్లను కూడా "అండీ" అనేవారు. బందరు నుంచి వచ్చేవారు. స్టాఫ్ రూములో ఒక్కరే ఓ మూల కూర్చుని క్యారేజీ తినేవారు. ఆవిడ సబ్జెక్టు ఎవరికీ పట్టేది కాదు.

తుఫాను ముసురు పట్టిన ఒక రోజు క్లాసుకి నేనొక్కదాన్నే వెళ్లాను. వెళ్లిపొమ్మంటారనుకున్నాను. ఆవిడ మామూలుగానే పాఠం మొదలుపెట్టారు.

"డిస్కులో దాచినదానికి తాళం వేస్తామండీ, అంటే ఎన్‌క్రిప్ట్ చేస్తాం. పని చేసేటప్పుడు మాత్రం దాన్ని మెమరీలో విప్పి పరుస్తాం. దొంగ చెయ్యి పెట్టేది అక్కడే. అందుకని మెమరీలో కూడా ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచి, ప్రాసెసర్ లోపల మాత్రమే విప్పాలి. అర్థమైందా అండీ?"

తలూపాను.

"అయితే మీరు చెప్పండి."

తడబడుతూనే నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. ఆవిడ వచ్చి నా పక్క బెంచీలో కూర్చున్నారు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఇన్నేళ్లలో ఈ పాఠం నాకెవరూ తిరిగి చెప్పలేదండీ. వచ్చే ఏడాది నుంచి ఈ సబ్జెక్టు తీసేస్తున్నారు."

"మరి మీరు, మేడం?"

"ఇంకేదో ఇస్తార్లెండి. ఇంకొక్కసారి చెప్పరూ."

మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. మధ్యలో రెండుచోట్ల తప్పాను. ఆవిడ దిద్దలేదు. అలాగే వింటూ కూర్చున్నారు.