నాలుగో నంబరు సీసా

2018 ఫిబ్రవరి. హోసూరు దగ్గర ఒక ప్రభుత్వ బాలికల హయ్యర్ సెకండరీ స్కూల్లో నేను కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. సీసాలు కడగడం, యాసిడ్లు కలపడం, టెస్ట్‌ట్యూబు పగిలినప్పుడల్లా తిట్లు తినడం నా పని. ల్యాబ్‌లో పిల్లలు ఏడాదంతా రంగురంగుల ప్రయోగాలు చేస్తారని బయటివాళ్లు అనుకుంటారు. మా ల్యాబ్ తాళం తీసేది పరీక్షకు నెల ముందు. అంతవరకూ ప్రయోగాలన్నీ బోర్డు మీదే.

పన్నెండో తరగతి ప్రాక్టికల్‌లో సాల్ట్ అనాలిసిస్ ఉంటుంది. పేరు చెప్పకుండా ఒక ఉప్పు ఇస్తారు, అదేమిటో పరీక్షించి కనుక్కోవాలి. అందుకని సీసాల మీది పేర్లు తీసేసి నంబర్లు అంటిస్తాను. మళ్లీ నేనే, పొట్లం చేతిలో పెడుతూ ఆ పేరు చెవిలో ఊదుతాను. పిల్ల బట్టీపట్టిన జవాబు రాసేస్తుంది. ఎన్నో ఏళ్ల అలవాటు అది. దాన్ని మేము సాయం అనుకునేవాళ్లం.

ఆ ఏడాది పవిత్ర అని డెంకణికోట వైపు రైతుల పిల్ల ఉండేది. ల్యాబ్ తెరిచిన నాటి నుంచి అన్నం గంటలో వచ్చి నాతో పాటు ట్యూబులు కడిగేది. నీకెందుకమ్మా ఈ పని అంటే, "కడిగితే ఇంకొంచేపు ఈడ ఉండొచ్చు కదన్నా" అనేది. కృష్ణగిరిలో బీయస్సీ కెమిస్ట్రీ చేరాలని దాని ఆశ.

పరీక్షలో తనకు నాలుగో నంబరు ఉప్పు వచ్చింది. "జింక్ సల్ఫేట్" అని ఊదాను. మిగతావాళ్లు రాయడం మొదలుపెట్టారు, తను బర్నర్ వెలిగించింది. యాష్ టెస్ట్ అని ఒకటుంది. ఉప్పు ద్రావణంలో కోబాల్ట్ నైట్రేట్ కలిపి, అందులో ఫిల్టర్ పేపరు ముంచి కాలుస్తారు. బూడిద ఆకుపచ్చగా వస్తే జింక్, గులాబీగా వస్తే మెగ్నీషియం.

కాసేపటికి సైగ చేసి పిలిచింది. "అన్నా, బూడిద గులాబీ రంగులో ఉంది. రెండు తూర్లు కాల్చినాను."

"కాల్చమని ఎవరు చెప్పినారమ్మా నీకు? జింక్ అని రాసేయ్."

"కండ్లతో చూసింది విడిచిపెట్టి ఎట్ల రాసేదన్నా?"

విసుక్కుని వెళ్లిపోయాను. తను మెగ్నీషియం అని రాసింది. బయటి స్కూలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ తన దగ్గరున్న నంబర్ల జాబితా చూసి ఆ మార్కులు కొట్టేశాడు.

సాయంత్రం పింగాణీ గిన్నెలు కడుగుతుంటే పవిత్ర కాల్చిన బూడిద కంటపడింది. నిజంగానే గులాబీ. నాలుగో సీసాలోది నేనే కాల్చి చూశాను, గులాబీ. మెగ్నీషియం ఉండాల్సిన ఏడో సీసాలోది కాల్చాను, ఆకుపచ్చ. రెండూ తెల్లటి పలుకులే. బంక ఆరకముందే హడావిడిగా నంబర్లు తారుమారు చేసి అంటించింది నేనే. ఆ రెండు సీసాల్లోవి వచ్చిన తక్కిన పిల్లలందరూ, రాని రంగు వచ్చిందని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నారు.

మార్కుల కవరుకు ఇంకా సీలు పడలేదు. పరుగెత్తి మా కెమిస్ట్రీ మేడంకు చెప్పాను. ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"ఇప్పుడు చెప్తే ఏమవుతాది మునియప్పా? మిగతా పిల్లోళ్లు చూడనిది ఎట్ల రాసినారని అడగరా? అందరి మార్కులూ పోతాయి. నీ ఉద్యోగం, నా ఉద్యోగం కూడా. ఒక్క పిల్లకు నాలుగు మార్కులు, అంతే కదా?"

నేను నోరు మూసుకున్నాను. మేడం మాటకు కాదు, నా ఉద్యోగం పోతుందన్న భయానికి. కవరుకు లక్క కరిగించి సీలు వేసింది కూడా నేనే.

ఫలితాలొచ్చాక టీసీ తీసుకునే రోజు పవిత్ర ల్యాబ్‌కి వచ్చింది. "తప్పయిపోయిందన్నా. మీరు చెప్పినట్ల రాసింటే సరిపోయుండు. నా కండ్లే సరిగా చూడలేదు. నాకు ఈ కెమిస్ట్రీ రాదులే, బీకాం చేరతాండా."

నీ కళ్లు సరిగ్గానే చూశాయమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నది మాత్రం, "బాగా చదువుకోమ్మా" అని. అంత సిగ్గుపడిన రోజు నా సర్వీసులో ఇంకొకటి లేదు.

ఆ తర్వాత నంబరు అంటించే ముందు ప్రతి ఉప్పునూ నేనే కాల్చి చూసుకున్నాను. చెవిలో పేర్లు ఊదడం మానేశాను, ఆ పని మేడం చూసుకుంది. పరీక్ష నడుస్తున్నంతసేపూ బల్లల మధ్య తిరుగుతూ ఉండేవాణ్ణి, రంగు వేరేగా వచ్చిందని ఎవరైనా పిలుస్తారేమోనని. నేను రిటైరయ్యేదాకా ఒక్కరూ పిలవలేదు. అప్పటికి బర్నర్లు వెలిగించేవాళ్లే లేరు.