థెల్మా వేసిన వాటిల్ పూలు

ఆస్ట్రేలియాలోని వార్విక్‌లో చర్చి వాళ్ల కొట్టుకు ఇరవై ఏళ్లుగా గ్రీటింగ్ కార్డులు చేసిచ్చేది థెల్మా. తుమ్మపూలలాంటి వాటిల్ పూల అచ్చును పసుపు సిరాలో అద్ది కార్డు మీద వేసేది. పంచ్‌తో ఆకుపచ్చ కాగితంలోంచి ఆకులు కత్తిరించి పూల చుట్టూ అంటించేది. రెండేళ్లుగా చూపు నడిమధ్యన మసకబారుతూ వచ్చినా, చేతులకు అలవాటైన పనే కదా అని మానలేదు.

ఆ గురువారం కార్డులు పట్టుకెళ్లేసరికి కొట్టు చూసుకునే స్నేహితురాలు రేలీన్ లేదు. కొత్తగా వచ్చినావిడ బల్ల కింద నుంచి పెట్టె లాగింది.

"ఓ, ఇవేనా! వీటిని ఇందులో పడెయ్యమంది రేలీన్. ఇది నిండిపోయిందండీ."

థెల్మా ఇంటికి రాగానే రేలీన్‌కు ఫోన్ చేసింది.

"ఎన్నాళ్ల నుంచే?"

"పోయిన ఈస్టర్ నుంచి," అంది రేలీన్ గొంతు తగ్గించి. "పూల మీద పూలు పడుతున్నాయే. నీతో అనడానికి నోరు రాలేదు."

"మరి వారం వారం అన్నీ అమ్ముడయ్యాయి, ఇంకా తే అన్నావేం?"

"ఇది కూడా మానేస్తే నువ్వేం చేస్తావే, థెల్మా?"

థెల్మా ఫోన్ పెట్టేసి, సిరా డబ్బీలకు మూతలు పెట్టబోయింది. ఏ మూత దేనిదో తెలియక అన్నిటినీ తెరిచే వదిలేసింది.