మాస్టారి సన్మానం, కుసుమ కొబ్బరిచెట్లు

టెక్కలి చుట్టుపట్ల ఏ సభ జరిగినా వేదిక మీదికి ఎవరిని ముందు పిలవాలో, ఎవరిని వెనక పిలవాలో తేల్చేది వేంకటాచలం మాస్టారే. కోటబొమ్మాళిలో, తీర్థం ఎవరి చేతిలో ముందు పడాలో ఎరిగిన అర్చకుడి కొడుకాయన. ఆ విద్య తండ్రి నుంచి వచ్చింది. డిగ్రీ కాలేజీలో చెప్పే ఫిజిక్సు సొంతంగా సంపాదించుకున్నది. జనం మొదటి విద్యనే మెచ్చుకునేవారు. ఎవరి మనసూ నొప్పించడని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి తన మనసునెంత నొప్పించుకున్నాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మాస్టారు రిటైరయ్యే ఏడాది డిగ్రీ విద్యార్థుల జాతీయ భౌతికశాస్త్ర సదస్సు వాళ్ళ కాలేజీకి వచ్చింది. పర్లాకిమిడి నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వస్తామనడంతో జాతీయమన్న మాటకు లోటు లేకుండా పోయింది. విశాఖ కన్నా దగ్గరే గానీ, ఒడిశా ఒడిశాయే.

ఆ సదస్సులో మాస్టారు కోరుకున్నది ఒక్కటే: ఫైనలియర్ కుసుమ మాట్లాడాలి. మందస పక్క పిల్ల. తుపానుకు వాళ్ళ కొబ్బరితోట సగం కూలింది. ఊరంతా కూలిన చెట్లకు ఏడుస్తుంటే, మిగిలినవి ఎందుకు కూలలేదని ఈ పిల్లకు అనుమానం వచ్చింది. డిగ్రీలో చేరాక మేనమామ ధనుంజయ్‌ని చెట్లెక్కించి, మొవ్వుకు ఫోను కట్టించి, అందులో నమోదైన కదలికను బట్టి ఏ చెట్టు ఎంతసేపటికి ఊగి వస్తోందో కొలుచుకుంటూ వచ్చింది. పుస్తకంలో లేని ప్రశ్న అడిగిన శిష్యురాలు మాస్టారికి ఆమె ఒక్కతే. భువనేశ్వర్ నుంచి వస్తున్న శాస్త్రవేత్త సుచిత్ర ఆ సంగతి వినాలని ఆయన ఆశ. ఆవిడ మధ్యాహ్నమే పలాసలో రైలెక్కాలి.

రాహుకాలం దాటేదాకా దీపం వెలిగించలేదు. పంచాంగం చూసింది మాస్టారే. ఆ పైన శాలువాలు మొదలయ్యాయి. కాలేజీ కరస్పాండెంటు జయకృష్ణది నందిగాం, జీడితోటలున్న కుటుంబం. ఒక జీడిపప్పు వ్యాపారికి శాలువా కప్పితే రెండో ఆయన ముఖం మాడుతుంది, అందుకని రెండో ఆయనకూ కప్పారు. ప్రసంగించాల్సిన విద్యార్థులు శాలువాల పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు.

"ఏటి సార్, నా మాటుంటాదా?" కుసుమ పళ్ళెంతోనే వచ్చి గుసగుసలాడింది.

"ఉంటుందమ్మా. ఇంక మూడు శాలువాలే."

"మూడయితే మల్లీ కొత్త కట్ట ఇప్పుతన్నారు సార్."

భోజనాలకు ముందు మిగిలింది మాస్టారి సన్మానమే. ఆయన జయకృష్ణ చెవి దగ్గరికి వంగాడు. "నా సన్మానం తీసేయండి బాబూ. ఆ కాసేపూ ఆ పిల్ల మాట్లాడుతుంది. పెళ్ళిసందడిలో పుస్తె కట్టడం మరిచినట్టవుతోంది."

జయకృష్ణ మైకందుకున్నాడు. "సూసారా! సన్మానం ఒద్దంతన్నారు మాస్టారు! ఈ రోజుల్లో ఇలాటి మనిషున్నాడా?"

ఇక ఆగలేదు. వేదిక మీద ఉన్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు లేచి మాస్టారి వినయం గురించి మాట్లాడారు. క్లుప్తంగా మాట్లాడేంత వినయం మాత్రం ఎవరికీ లేకపోయింది. సుచిత్ర సంచి సర్దుకుంది. వాకిట్లో కారు స్టార్టయిన చప్పుడు మాస్టారికి వినబడింది.

యాంకరింగు చేస్తున్న కెమిస్ట్రీ మేడం సుధారాణి, "ఇప్పుడు సన్మానగ్రహీత స్పందన" అంది.

సన్మానం పొందినవాడు బదులు చెబుతుంటే ఎంతటివాడైనా అడ్డు రాకూడదు. ఆ కట్టుబాటు ఈ చుట్టుపట్ల పాదుకునేలా చేసింది మాస్టారే. దండతో, శాలువాతో మైకు ముందుకొచ్చాడు.

"నా స్పందన నా శిష్యురాలు కుసుమ చెబుతుంది."

జయకృష్ణ సగం లేచాడు. "అదేటి మాస్టారూ! మీ గురించి ఆ గుంటకేటి తెలుసు?"

"నా గురించి కాదు బాబూ, కొబ్బరిచెట్ల గురించి."

"అవతల భోజనాలు సల్లారిపోతన్నాయి!"

"స్పందన మధ్యలో లేవకూడదు. కూర్చోండి."

జన్మలో మొదటిసారి మాస్టారు ఒకరి మనసు నొప్పించాడు. జయకృష్ణ కూర్చున్నాడు.

కుసుమ పళ్ళెం కిందపెట్టి మొదలెట్టింది. ఈ చెట్లు తిరిగి తిరిగి మాస్టారి దగ్గరికి ఎక్కడ చేరతాయా అని ముందువరస ఎదురుచూసింది. "బిగుసుకుని నిలబడ్డ సెట్టు కాదండి, వంగి మల్లీ లేచిన సెట్టే బతికింది" అనగానే జీడిపప్పు వ్యాపారులు చప్పట్లు కొట్టారు.

కారు వైపు బయల్దేరిన సుచిత్ర గుమ్మం దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచే అడిగింది. "తుపానులో వాన కూడా ఉంటుంది కదమ్మా? మట్టలు తడిస్తే బరువెక్కుతాయి. అప్పుడు కొలిచావా?"

"లేదు మేడం. వానలో మావయ్య సెట్టెక్కనన్నాడు."

హాలంతా నవ్వింది. సుచిత్ర నవ్వలేదు. "అయితే నువ్వు చెప్పింది పొడిచెట్టు సంగతే. తడిచెట్టు కొలిచి నాకు ఫోన్ చెయ్యి" అని నంబరు చెప్పి కారెక్కింది.

మర్నాడు పేపర్లో 'గురువుకు శిష్యురాలి నీరాజనం' అని పడింది. కొబ్బరిచెట్ల ఊసు లేదు. ఆ తర్వాత కాలేజీలో జరిగిన సభకు వరస తేల్చమని జయకృష్ణ మాస్టారికి కబురు పెట్టలేదు.

అదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం, భోజనాల షామియానా పక్కన కుసుమ ఫోను స్పీకరులో పెట్టి మేనమామను బతిమాలుతోంది.

"ఎండుండగానే ఎక్కి కట్టెయ్ మావా. వాన తగ్గాక దింపుదువు."

"ఓలె గుంటా, పాసిపట్టిన సెట్టు జారితే నా నడుం నువ్వు కడతావేటి?"

"జారవులే మావా. ఊరందరికీ కొబ్బరికాయల దింపులు తీస్తావు, నాకేనేటి ఎక్కనంతావు?"

విస్తరి ముందు కూర్చున్న మాస్టారు తినడం మాని, అవతలి జవాబు కోసం చెవి ఒగ్గాడు.