నా బూట్లు వేసుకున్న తోటికోడలు

మా తోటికోడలు ఉదయం పరుగు ముగించుకుని వచ్చే వేళకి నేను మంచం మీద వెల్లకిలా పడుకుని, పాదానికి తువ్వాలు తగిలించి లాగుతూ, ఎడమ మోకాలు వంచడానికి తంటాలు పడుతుండేదాన్ని. ముందు గేటు చప్పుడయ్యేది. తర్వాత గుమ్మం దగ్గర బూట్లు విప్పిన చప్పుడు. అవి నా బూట్లు. మడమ దగ్గర లోపలివైపు అరిగిపోయి ఉంటాయి, నా నడక అలాంటిది. ఆమె వాటిని ఎప్పుడూ గోడకి ఆనించి, మడమలు నావైపు కనిపించేలా పెట్టేది. కావాలని కాదు. అయినా నాకలాగే అనిపించేది.

అరసవల్లిలో మా ఇల్లు రెండంతస్తులు. కింద అత్తగారు, మేము. పైన మా మరిది, అతని భార్య. ఆమెది శృంగవరపుకోట దగ్గర వరి పండించే కుటుంబం. పెళ్ళై ఈ ఇంటికి వచ్చేనాటికి పరుగంటే నవ్వేది. నేనే లాక్కెళ్ళాను. నాకు ఆ పిచ్చి విజయనగరంలో చదువుకునే రోజుల్లో పట్టుకుంది. పొద్దున్నే కోట చుట్టూ నడవడంతో మొదలై, పాప పుట్టాక ఇరవై ఒక్క కిలోమీటర్ల దాకా వచ్చింది. మా అత్తగారికి ఇదేమీ మింగుడుపడేది కాదు. "ఎవులు తరిమినారని పరిగెడతన్నారే మీరిద్దరూ? ఎనకాల కుక్కలేటైనా పడ్డాయేటి?" అనేది.

ఊళ్ళో మాదొక చిన్న గుంపు ఉంది. పది పన్నెండు మందిమి. ఆదివారం గుడికి జనం, ఆటోలు మొదలు కాకముందే బయల్దేరి కళింగపట్నం రోడ్డు మీద పరిగెత్తి తిరిగి వస్తాం. మాలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా మొదటిసారి ఇరవై ఒకటి పూర్తి చేస్తే, వాళ్ళని పరుగులోకి తెచ్చిన మనిషే కొబ్బరిబొండాం కొట్టించి చేతికివ్వాలి. నాకు ఇచ్చినావిడ స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు. ఆ రోజు ఆ నీళ్ళు గడ్డం మీంచి కారిపోతుంటే తుడుచుకోకుండా తాగాను.

మోకాలు ఒక్కసారిగా పాడవలేదు. ముందు మెట్లు దిగేటప్పుడు లోపలివైపు టక్కుమనేది. తర్వాత అప్పుడప్పుడూ పట్టేసేది. ఒక క్షణం కాలు ముందుకీ రాదు, వెనక్కీ పోదు. విదిలిస్తే వదిలేసేది. మూడు నెలలు అలాగే విదిలించుకుంటూ పరిగెత్తాను. మా అత్తగారు ఆముదం కాచి రాసి, కట్టు కట్టే మనిషి దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. అతను పిసికి, కట్టు కట్టి, బాగైపోతుందన్నాడు. చివరికి ఒక ఉదయం పాపకి స్నానం చేయించి లేవబోతే మోకాలు పట్టేసింది, ఇక వదల్లేదు. తడిసిన పాపని పట్టుకుని అలాగే అరగంట కూర్చున్నాను. స్కాన్ తీశాక విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు, ఎముకల మధ్య మెత్తలా ఉండే పొర చిరిగి మడతపడిందని. "మొదట్లోనే వచ్చుంటే కుట్లు లేకుండా పోయేదమ్మా," అన్నాడు. మళ్ళీ పరిగెత్తగలనా అని అడిగితే, ఆరు నెలలయ్యాక చూద్దామన్నాడు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నడుములో సూది గుచ్చాక నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. మత్తులో ఉండగా అత్తగారి గొంతు వినిపించింది: "దేవుడు నడవమని కాళ్ళిచ్చినాడు. ఇది గుర్రమనుకున్నాది." ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు. చంకలో కర్రలు, కాలికి పట్టీ, మోకాలి మీద ఐసు. కింద కూర్చోకూడదు, పాపని ఎత్తుకోకూడదు.

పాపకి రెండున్నరేళ్ళు. మొదటి వారం మంచం పక్కన నిలబడి ఏడ్చింది. రెండో వారం ఏడవలేదు. మూడో వారానికి, నేను చేతులు చాపితే, "అమ్మ కాలు దెబ్బ," అని నాకే చెప్పి, "పిన్నీ ఎత్తుకో," అంటూ అటు వెళ్ళిపోయింది. మా తోటికోడలు దాన్ని చంకనేసుకుని పైకి తీసుకెళ్ళి అన్నం పెట్టి, నిద్రపుచ్చి తెచ్చేది. ఎవరైనా చేతులెత్తి దండం పెట్టాల్సిన సాయం అది. నేను మాత్రం పాప జుట్టు ఎలా దువ్విందో చూసేదాన్ని. పాపిడి మధ్యలో తీస్తుంది. నేను పక్కకి తీస్తాను.

అప్పుడే అడిగింది బూట్లు. "అక్కా, ఊరికే పడున్నాయి కదా. నాకు సరిపోతాయి." ఇచ్చాను. ఇవ్వనని ఎలా అంటాను? అప్పట్నుంచి రోజూ ఫోన్లో ఆమె పరుగు కనిపించేది. ఎంత దూరం, ఎంత సేపు, ఏ దారి. నా దారే. నేను ఏడాది పట్టి సంపాదించుకున్న వేగం ఆమెకి పరుగు మొదలెట్టిన నాలుగు నెలల్లోనే వచ్చేసింది. పదహారు కిలోమీటర్లు పూర్తిచేసిన రోజు గుంపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను కూడా పెట్టాను. పెట్టి ఫోన్ బోర్లా పడేశాను.

ఏడో వారంలో ఒక సోమవారం, నేను కుర్చీలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. కర్రల్లో ఒకటి అప్పటికి వదిలేశాను. ఆమె వచ్చి నా ముందు కింద చతికిలబడింది. అంత తేలిగ్గా కింద కూర్చోవడం చూస్తే కూడా కడుపు మండేది నాకు.

"అక్కా, నవ్వనంటే ఒక మాట అడుగుతాను."

"అడుగు."

"మెట్లు దిగతంటే ఇక్కడ లోపల టక్కుమంటాది. నిన్న ఒకసారి పట్టేసింది కూడా. ఏటైనా ఉంటాదేటి? నీకూ ఇలాగే వచ్చిందా?"

నేను కత్తి ఆపలేదు. "నాది వేరు. దూరం పెంచినప్పుడు అందరికీ ఉంటాది. పరిగెడితే సర్దుకుంటాది."

"అంతేనా?" అని ముఖం విచ్చుకుంది. "ఆదివారం ఇరవై ఒకటి పరిగెడదామనుకుంటన్నాను. బొండాం నువ్వే ఇవ్వాల మరి!"

తెలియక అన్న మాట కాదది. జాగ్రత్త చెబితే ఆమె ఒక నెల ఆగి, మళ్ళీ పరిగెడుతుంది. చెప్పకపోతే వచ్చి నా పక్కన పడుకుంటుంది. అంత స్పష్టంగా మాటల్లో అనుకోలేదు గానీ, బెండకాయలు తరుగుతున్నంతసేపూ లోపల ఉన్నది అదే. ఆ సాయంత్రం మా నాన్నకి ఫోన్ చేసి ఒక మంచి బొండాం పంపమన్నాను. మా పుట్టిల్లు భావనపాడు వైపు. శుక్రవారం టెక్కలి బస్సులో వచ్చింది, పచ్చగా, పాప తలకన్నా పెద్దది. వంటింటి మూల పెట్టాను. మంచినీళ్ళకి వెళ్ళినప్పుడల్లా కనిపించేది.

శనివారం మధ్యాహ్నం, నేను మెట్ల కింద కర్ర పట్టుకుని నిలబడి పాప కోసం చూస్తున్నాను. ఆమె పాపని చంకనేసుకుని దిగుతోంది. కింద నుంచి నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. ఒక చెయ్యి రెయిలింగ్ మీద బిగుసుకుంది. కాలు సగం వంగి గాల్లోనే ఉండిపోయింది. ముఖంలో ఏ భావమూ లేదు, ఎవరో పిలిస్తే వింటున్నట్టుంది. ఆ నిలబడటం నాకు తెలుసు. ఈ ప్రపంచంలో నాకు బాగా తెలిసినది అదొక్కటే. ఆమె విదిలించబోతోంది. విదిలిస్తే ఒరుగుతుంది. చంకలో నా పాప ఉంది.

"కదలకు!" అని అరిచాను. "కాలు విదిలించకు. అలాగే కూర్చో. మెల్లిగా వెనక్కి కూర్చో."

ఆమె కూర్చుంది. పాప ఇదేదో ఆట అనుకుని నవ్వింది. నేను కర్ర వదిలేసి, రెయిలింగ్ పట్టుకుని మూడు మెట్లు ఎక్కాను. అలా ఎక్కకూడదు. పక్క మెట్టు మీద కూర్చుని పాపని ఒళ్ళోకి లాక్కున్నాను.

అత్తగారు పరిగెత్తుకొచ్చి పాపని లోపలికి తీసుకెళ్ళింది. మేమిద్దరం మెట్ల మీదే ఉండిపోయాం, చెరొక కాలు చాపుకుని.

"నీది కూడా చిరిగుంటుంది," అన్నాను. "నాకు సరిగ్గా ఇలాగే మొదలైంది. రేపు పరిగెట్టొద్దు. స్కాన్ తీయించుకో."

ఆమె నావైపు తిరిగింది. "సోమవారం అడిగితే ఏటీ కాదన్నావు?"

"అన్నాను."

"తెలీకా?"

నాకొక అబద్ధం అందుబాటులోనే ఉంది. "తెలిసే," అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బావుండునని చూశాను. వంగి బూట్ల వైపు చూసింది, గుమ్మం దగ్గర ఉన్నాయి అవి. "ఇకనుంచి బూట్లు నానే కొనుక్కుంటాను," అంది. లేచి, రెయిలింగ్ పట్టుకుని పైకి వెళ్ళిపోయింది. వారం రోజులు నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. పాపని చూసుకోవడం మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. కాకపోతే ఎత్తుకోకుండా పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేది. ఆ వారం నాకు ఆపరేషన్‌కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

స్కాన్‌లో చిరుగు చిన్నదే అని వచ్చింది. కుట్లు అక్కర్లేదు, రెండు నెలలు పరుగు మానేసి వ్యాయామాలు చేస్తే సరిపోవచ్చన్నారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె రెండు నెలలు పరిగెత్తదని కూడా వెంటనే గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడంలో కొంచెం హాయి ఉంది. దాన్నిక్కడ రాయకపోతే ఈ రాసిందంతా వృథా.

ఇప్పుడు పొద్దున్నే ముందుగదిలో రెండు చాపలు పరుస్తాం. ఇద్దరం వెల్లకిలా పడుకుని కాళ్ళు ఎత్తుతాం. పాప మధ్యలో నిలబడి తనకొచ్చిన అంకెలు లెక్కపెడుతుంది. మూడు తర్వాత ఎనిమిది వస్తుంది దానికి. మొదటి రోజు అత్తగారు బొండాం పట్టుకొచ్చి మా తలల దగ్గర నిలబడింది.

"ఇదెవులికే? వంటింట్లో ఎండిపోతన్నాది. కొట్టీమంటారా?"

మా తోటికోడలు కాలు దించకుండానే అంది, "కొట్టీండత్తా, పాపకిచ్చీండి. నాను పరిగెట్టిన నాడు అక్క ఇంకోటి తెప్పిస్తాది."

"ఎవులు ముందు పరిగెడతారో సూద్దాం," అన్నాను, నవ్వబోయి.

ఆమె నవ్వలేదు. "కాలు పైకెత్తు అక్కా. వంగిపోతన్నాది," అంది.